శాసనం చదివిన ఇద్దరు

1925. తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ. వేదిక మీద నిలబడ్డ పెద్దాయనకు అరవై దాటాయి. ఎదుట కూర్చున్నవాళ్లు ఏం గొణుక్కుంటున్నా ఆయనకు వినిపించదు. సవరల భాష నేర్చుకోవాలని కొండలెక్కి తిరిగిన రోజుల్లో మన్యం జ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైను చెవులను తీసుకుపోయింది. జనం నోటి మాట కోసం బతుకంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఆ మాటను చెవులారా వినలేని మనిషి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ పరిషత్తు గ్రాంథికానికి, అంటే పాత కావ్యభాషకు, కోట. ఆ కోటలో ఆయన నాలుగు గంటలు మాట్లాడారు. సంప్రదాయం వద్దు, కొత్తది కావాలి అనలేదు. పాతవాళ్లనే సాక్ష్యానికి పిలిచారు. మహాకవుల ప్రయోగాలు ఒక్కొక్కటే చూపిస్తూ, మీరు గీసిన గీత లోపల వాళ్లే ఇమడలేదు, ఇక ఎవరు తప్పు లేకుండా రాయగలరని నిలదీశారు.

ఈ తగువు అప్పటికే పాతబడింది. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల బడులు తనిఖీ చేయడానికి వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు దొర, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో చదివే తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగారి మీదుగా విజయనగరంలో గురజాడకూ, పర్లాకిమిడిలో గిడుగుకూ చేరింది. అక్కడ నిప్పు రాజుకుంది.

ఎదుటి పక్షాన నిలిచిన జయంతి రామయ్య పంతులును మూర్ఖుడిగా చిత్రించడం మనకు అలవాటైంది. అది అన్యాయం. కోనసీమ ముక్తేశ్వరం మనిషి, డిప్యూటీ కలెక్టరుగా చేశారు. బెజవాడలోని యుద్ధమల్లుడి శాసనాన్ని చదివి, పరిష్కరించి లోకానికి అందించింది ఆయనే. వెయ్యేళ్ల నాటి రాతి మీద మధ్యాక్కర పద్యం! ఆ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన మనిషికి, ఇంతకాలం నిలిచిన నియమాన్ని మన తరంలో జారవిడవకూడదన్న పట్టుదల కలగడంలో వింతేముంది? శ్రీకాకుళం మాట నెల్లూరుకు వేరు, బళ్లారి మాట గోదావరికి వేరు. ఎవరి నోటిని ప్రమాణంగా పెట్టుకోవాలి? అందరికీ ఉమ్మడి ఆస్తి నన్నయ నుంచి వచ్చిన భాష ఒక్కటే కదా. గ్రాంథికవాదుల భయం ఇది. అందులో నిజాయితీ ఉంది.

గిడుగు కూడా శాసనాలు చదివినవారే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో, సెలవుల్లో ముఖలింగం గుళ్లకు వెళ్లి, గోడల మీది పాత లిపిని తనకు తానే కుస్తీపట్టి నేర్చుకున్నారు. ఆ రాళ్లలో ఆయనకు కనిపించింది వేరు. భాష ఆగిన చోటు కాదు, నడిచిన దారి. ఒక కాలపు రూపం మరో కాలానికి మారిపోవడం కళ్లారా చూశారు. వ్యాఖ్యాతలు, కైఫీయతులు రాసినవాళ్లు, ఉత్తరాలు రాసుకున్న పెద్దలు తమ కాలపు మాటలోనే వచనం రాశారు. అదే మన అసలు సంప్రదాయమని ఆయన వాదం. దాన్ని నిరూపించడానికి పాత వచనమంతా ఏరి ‘గద్యచింతామణి’గా కూర్చారు. కావ్యభాషను చదవొద్దని ఆయన ఎన్నడూ అనలేదు. దాన్ని బడిపిల్లాడి కలం మీద బరువుగా మోపొద్దన్నారు. ఇద్దరిలో ఎవరు పూర్వులను ఎక్కువ గౌరవించారని అడిగితే, నేను గిడుగు పేరే చెబుతాను. పూర్వులు చేసిన పనిని చేయడం కూడా వాళ్లను కాపాడుకోవడమే.

ఏ తెలుగు రాయాలన్న ఈ తగువులో 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రాంథికమే గెలిచింది. గురజాడ తన అసమ్మతిని సుదీర్ఘంగా రాసిచ్చి, మరుసటి ఏడు కన్నుమూశారు. 1919లో రాజమండ్రిలో వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి కందుకూరి అధ్యక్షులయ్యారు. కొద్ది నెలల్లోనే ఆయనా పోయారు. గిడుగు మిగిలారు.

1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. తెలుగు నేల కాని చోట ఉండలేక, దశాబ్దాల ఇల్లు వదిలి ఆయన రాజమండ్రి చేరారు. అదే ఏడు రామయ్య పంతులు ఏళ్ల తరబడి శ్రమించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం వెలువడింది. పూర్వ గ్రంథాల మాటలు వెతుక్కోవాలంటే ఇప్పటికీ ఆ సంపుటాలే తిరగేస్తాం.

1940 జనవరి 15న గిడుగు పత్రికా సంపాదకుల ఎదుట తన చివరి విన్నపం వినిపించారు. వాడుక భాష పత్రికల్లోకి వస్తోంది, బడుల్లోకీ విశ్వవిద్యాలయాల్లోకీ ఇంకా రానివ్వడం లేదన్నది ఆ ముసలి పంతులు బాధ. వారం తిరగగానే, 22న ఆయన వెళ్లిపోయారు. మరుసటి ఏడు రామయ్య పంతులు. ఆనాటికి పిల్లల తెలుగు వాచకాల్లో ఇంకా గ్రాంథికమే నడుస్తోంది.