ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి

ఈవారం చరిత్ర కబుర్లలో ఒక ఎలుక గురించి, ఒక ఆర్థికమంత్రి గురించి, మన లక్కీ చిట్టీల గురించి చెప్పుకుందాం. మూడింటికీ దగ్గరి చుట్టరికమే ఉంది.

1930ల మొదట్లో అమెరికాలో, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, బి.ఎఫ్. స్కిన్నర్ అనే కుర్ర పరిశోధకుడు ఎలుకల మీద ప్రయోగాలు చేస్తుండేవాడు. పెట్టెలో ఉన్న మీటను ఎలుక నొక్కితే ఒక తిండి గుళిక పడుతుంది. ఆ గుళికలు ఆయనే తయారుచేసుకోవాలి. ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే, ఉన్న గుళికలు సోమవారం పొద్దుటికల్లా అయిపోయేలా ఉన్నాయి. నొక్కినప్పుడల్లా ఇవ్వడమెందుకు, నిమిషానికి ఒకటి ఇస్తే పోలా అనుకున్నాడు. గుళికలు మిగుల్చుకోవడానికి చేసిన పని అది, అంతే! ఎలుకలు మాత్రం నొక్కడం మానలేదు. పైగా, ఇలా అప్పుడప్పుడు మాత్రమే అందుకున్న ఎలుక, గుళికలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు నొక్కుతూనే ఉండేది. ప్రతిసారీ అందుకున్న ఎలుక తొందరగా విసిగిపోయేది. తర్వాత పావురాలతో చూశారు. ఎన్ని పొడుపులకు గింజ పడుతుందో ఊహకందకుండా చేస్తే అవి ఆగకుండా పొడుస్తాయి. ఈ ఫలితాలన్నిటినీ స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ కలిసి 1957లో పెద్ద పుస్తకంగా వేశారు.

సరిగ్గా ఆ ఏడే, ఇక్కడ బ్రిటన్లో, జూన్ 1న ప్రీమియం బాండ్ల మొదటి డ్రా తీశారు. మాక్మిలన్ స్కిన్నర్ని చదివి చేశాడని నేననను. లాటరీల సంగతి మనుషులకు ఎలుకల ప్రయోగాలకంటే ఎంతో ముందే తెలుసు కదా. యుద్ధం తర్వాత ధరలు పెరుగుతున్నాయి, జనం చేత డబ్బు దాపించాలి. వడ్డీ ఆశ చూపితే కదలనివాళ్ళు చాలామంది. అందుకని 1956 బడ్జెట్లో ఆర్థికమంత్రి హెరాల్డ్ మాక్మిలన్ ఈ పథకం ప్రకటించాడు. పౌను పెట్టి బాండు కొంటే వడ్డీ రాదు. అందరి వడ్డీనీ పోగుచేసి చీట్లు తీసి పంచుతారు. అసలు ఎప్పుడడిగితే అప్పుడు వెనక్కిస్తారు. మొదట్లో పెద్ద బహుమతి వెయ్యి పౌన్లు.

గొడవ కాలేదా అంటే, అయింది. ప్రతిపక్షంలోని హెరాల్డ్ విల్సన్ దీన్ని నీచమైన లాటరీ అన్నాడు. కాంటర్బరీ ఆర్చిబిషప్ కూడా తప్పుపట్టాడు. సర్కారు జూదం ఆడించడమేమిటని వాళ్ళ బాధ. పెట్టినవాడి సొమ్ము పోదు కాబట్టి ఇది జూదం కాదని మాక్మిలన్ జవాబు. నెంబర్లు తీయడానికి లండన్ డాలిస్ హిల్లోని పోస్టాఫీసు పరిశోధనశాలవాళ్ళు ఒక యంత్రం చేశారు. దాని పేరు ఎర్నీ. యుద్ధకాలంలో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పిన కొలోసస్ యంత్రం తయారైంది కూడా ఆ శాలలోనే.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. మామూలు చీటీ పాట సంగతి వేరు, పాడుకున్నవాడు కూడా చివరిదాకా కట్టాలి. లక్కీ చిట్టీలో నెలనెలా డ్రా తీస్తారు. పేరొచ్చినవాడు సొమ్ము తీసుకుని వెళ్ళిపోతాడు, ఇక కట్టక్కర్లేదు. తగలనివాళ్ళకు చివర్లో కట్టిన డబ్బు తిరిగిస్తామంటారు. ఆలోచించి చూస్తే ఇది ప్రీమియం బాండుకు తోబుట్టువే! వచ్చేనెల మనదేనేమో అన్న ఆశే ఇద్దరి చేతా కట్టిస్తుంది. తేడా ఏమిటంటే, అక్కడ అసలుకు ప్రభుత్వం హామీ ఉంది. ఇక్కడ హామీ చిట్టీ నడిపేవాడి మాట. అందుకే 1978లో భారత ప్రభుత్వం ఇలాంటి ప్రైజ్ చిట్లను నిషేధిస్తూ చట్టం చేసింది.

మన పిల్లల ఫోన్ ఆటల్లో వచ్చే లూట్ బాక్సులు ఈ రెండిటికంటే అన్యాయం అని నా అభిప్రాయం. పెట్టె తెరిస్తే ఏమొస్తుందో తెలియదు, పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు. డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. పిల్లవాడు ఆట వదలడంలేదని విసుక్కునే అమ్మానాన్నలు ఆ ఎలుకని ఒకసారి తలుచుకోండి. వాడిది మొండితనం కాదు, పెట్టెను అలా కట్టారు.

అన్నట్టు, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఎప్పుడో కొన్న ప్రీమియం బాండ్లుంటే నెంబర్లు చూసుకోండి. తగిలిన బహుమతి అడగడానికి గడువంటూ లేదు.