ఆవిరి పట్టికలో గళ్ళ నడుమ

పత్తి పండు గుంటూరు సీమలో గింజ తీయు జిన్నింగు మిల్లులు, బేళ్ళు కట్టు ప్రెస్సులు తొలినాళ్ళలో ఆవిరితో నడిచినవి. బాయిలరు మీది గేజి పీడనమును చూపునే గాని, ఆవిరి ఎంత వేడిగా ఉన్నదో చెప్పదు. గేజి చూపిన అంకెకు వాతావరణ పీడనమును కలిపి, ఆవిరి పట్టికలో వెదకవలెను.

అట్టి పట్టికలకు గట్టి పునాది వేసినవాడు పారిస్ నగరపు రెన్యో. ఫ్రెంచి ప్రభుత్వము కోరగా ఏండ్ల తరబడి చేసిన కొలతలను ఆయన 1847లో ప్రకటించెను. ఎంత ఓర్పుగలవాడైనను ప్రతి పీడనమునకు కొలత తీయలేడు గదా! నడిమి విలువలను లెక్కతో పూరింపవలెను. ఇదే అంతర్వేశనము. ఈ విద్య మనకు కొత్త కాదు. 665లోనే బ్రహ్మగుప్తుడు జ్యా పట్టికకు ఇంతకంటె సూక్ష్మమైన పద్ధతి చెప్పెను.

నీరు 9 బార్ల వద్ద 175.4 డిగ్రీల సెంటీగ్రేడులో, 10 బార్ల వద్ద 179.9లో మరుగును. 9.5 బార్లకు నడిమి విలువ తీసికొన్నచో తేడా డిగ్రీలో పదవ వంతైనను రాదు. కాని పట్టికలో 1 బారు (99.6), 10 బార్లు మాత్రమే ఉన్నవనుకొనుడు. 5.5 బార్లకు లెక్క 139.8 అని చెప్పును, నిజము 155.5! మరుగు రేఖ వంపు తిరిగినది. గళ్ళు దగ్గరగా ఉన్నంతవరకే తిన్నని గీత చెల్లును.

తరువాత దేశమునకొక పట్టిక పుట్టెను. టర్బైను ఎంత ఆవిరి త్రాగునో తేల్చుటలో అమ్మువానికి, కొనువానికి లెక్క కుదరకపోయెడిది. అందుకే 1929లో నానాదేశముల నిపుణులు లండనులో కూడి, ఉమ్మడి విలువలను నిర్ణయింప మొదలిడిరి.