పదోన్నతి వేళ వేతన స్థిరీకరణ: 1922 నుంచి నేటి వరకు

వేతన సంఘాలు స్కేళ్ళను ఎలా నిర్ణయిస్తాయో మీకు తెలుసు. అయితే ఒక స్కేలులో కొన్నేళ్ళు పనిచేసిన గుమాస్తాకు ప్రమోషన్ వచ్చిందనుకోండి. కొత్త స్కేలులో అతని జీతం ఏ అంకె దగ్గర మొదలవ్వాలి? స్కేలు కనిష్ఠం దగ్గరే మొదలుపెడదామంటే కుదరదు. కింది స్కేలు పైభాగమూ పై స్కేలు కిందిభాగమూ తరచు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. కనిష్ఠమే ఇస్తే, ఇంక్రిమెంట్లు కూడబెట్టుకున్న ఉద్యోగి ప్రమోషన్‌తో జీతం తగ్గించుకోవలసి వస్తుంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే నియమం ఎఫ్.ఆర్. 22. మీలో ప్రభుత్వోద్యోగం చేస్తూ చదువుతున్నవారు తమ సర్వీసు రిజిస్టరు తీసి చూస్తే, ప్రమోషన్ నమోదు పక్కన ఈ సంఖ్య కనబడుతుంది. ఆ నమోదుకు వందేళ్ళ చరిత్ర ఉంది.

1922 నాటి జవాబు

ఫండమెంటల్ రూల్స్ 1922 జనవరి 1న అమలులోకి వచ్చాయి. అంతకుముందు ఉద్యోగుల జీతభత్యాలను సివిల్ సర్వీస్ రెగ్యులేషన్స్ నడిపించేవి. 1922 నియమం చెప్పింది స్థూలంగా ఇది: కొత్త పోస్టులో బాధ్యతలు ఎక్కువైతే, పాత ఖాయమైన పోస్టులోని జీతానికి సరిగ్గా పైనున్న స్టేజి కొత్త స్కేలులో ఏది ఉంటే అది ఇవ్వాలి. బాధ్యతలు పెరగకపోతే పాత జీతానికి సమానమైన స్టేజి చాలు.

ఒక ఊహాజనిత లెక్కతో దీన్ని చూద్దాం. కింది స్కేలు 30-2-60, పై స్కేలు 50-5-100 అనుకోండి. 54 రూపాయలు తీసుకుంటున్న ఉద్యోగికి ప్రమోషన్ వస్తే పై స్కేలులో తర్వాతి స్టేజి 55. పెరిగింది ఒక్క రూపాయి. ప్రమోషన్ లేకుండా పాత కుర్చీలోనే కూర్చున్నా ఏటా రెండు రూపాయలు పెరిగేవి. అంటే బరువు పెరిగిన పనికి కట్టిన విలువ మామూలు ఇంక్రిమెంటులో సగం!

ఇది ఆ రోజుల ఆలోచనకు దూరమేమీ కాదు. 1912లో నియమితమై, 1917లో నివేదిక వెలువరించిన ఇస్లింగ్టన్ కమిషన్ జీతాల గురించి చెప్పిన సూత్రం ప్రసిద్ధం. తగినవారిని చేర్చుకోవడానికీ, నిలుపుకోవడానికీ ఎంత అవసరమో అంతే ఇవ్వాలి, అంతకుమించి అక్కరలేదు అన్నది దాని సారాంశం. ప్రమోషన్ వచ్చినవాడు ఎలాగూ ఉద్యోగం వదిలిపోడు. ఇక అతనికి ఎక్కువ ఇవ్వడం దేనికి? ఎఫ్.ఆర్. 22 తొలి రూపంలో ఈ ధోరణే కనిపిస్తుందని చెప్పవచ్చు.

1961: ఊహలో ఒక ఇంక్రిమెంటు

స్వాతంత్ర్యం ముంగిట 1946లో ఏర్పడిన వరదాచారియార్ సంఘం ఇస్లింగ్టన్ సూత్రాన్ని విమర్శించి, ఉద్యోగి జీవన అవసరాలను చర్చలోకి తెచ్చింది. 1957లో నియమించిన జగన్నాథదాస్ సంఘం 1959లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత 1961 ఏప్రిల్ 1 నుంచి కేంద్రప్రభుత్వం ఎఫ్.ఆర్. 22-సి అనే కొత్త నియమం తెచ్చింది.

దీని పద్ధతి తెలివైనది. ముందుగా కింది స్కేలులోనే ఒక ఇంక్రిమెంటు ఇచ్చినట్లు ఊహించాలి. అలా వచ్చిన అంకెకు పైనున్న స్టేజిని కొత్త స్కేలులో వెతకాలి. మన ఉదాహరణలో 54కు 2 కలిపితే 56, దాని పైస్టేజి 60. పెరుగుదల ఒక రూపాయి నుంచి ఆరుకు చేరింది. ఉద్యోగి చేతికి రాని ఈ ఇంక్రిమెంటును కార్యాలయ భాషలో ‘నోషనల్’ అంటారు. దీనివల్ల ప్రమోషన్ లాభం ఎప్పుడూ ఒక ఇంక్రిమెంటు కంటే ఎక్కువే ఉంటుంది.

అయితే ఈ మేలులోంచే ఒక తగాదా పుట్టింది. సీనియర్, జూనియర్ ఇద్దరూ 52 తీసుకుంటున్నారు, ఇద్దరికీ ఇంక్రిమెంటు సెప్టెంబరులో అనుకోండి. సీనియర్‌కు జూన్‌లో ప్రమోషన్ వచ్చింది: 52కు 2 కలిపితే 54, పైస్టేజి 55. జూనియర్ సెప్టెంబరులో ఇంక్రిమెంటు తీసుకుని 54కు చేరి, అక్టోబరులో ప్రమోషన్ పొందాడు: 56, పైస్టేజి 60. ముందు ప్రమోషన్ పొందిన సీనియర్ వచ్చే జూన్ దాకా 55 దగ్గరే ఉంటాడు. వెనక వచ్చినవాడు అతనికంటే ఐదు రూపాయలు ఎక్కువ తీసుకుంటూ పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆఫీసుల్లో డబ్బు కంటే ఇది ఎక్కువ బాధించే సంగతి.

1966 ఫిబ్రవరి 4 నాటి కేంద్ర ఉత్తర్వు ఇలాంటి సందర్భాల్లో సీనియర్ జీతాన్ని జూనియర్ ప్రమోషన్ తేదీ నుంచి అతనితో సమానంగా పెంచమంది. దీన్నే ‘స్టెప్పింగ్ అప్’ అంటారు. ఇద్దరూ ఒకే కేడరుకు చెందాలి, రెండు పోస్టుల స్కేళ్ళూ ఒకటే కావాలి, తేడా నేరుగా ఈ నియమం వల్లనే వచ్చి ఉండాలి. మూడో షరతు మీద చాలా వ్యాజ్యాలు నడిచాయి. స్థానికంగా తాత్కాలిక ప్రమోషన్ మీద పనిచేయడం వల్ల జూనియర్ జీతం పెరిగితే సీనియర్ స్టెప్పింగ్ అప్ కోరలేడని 1997లో ఆర్. స్వామినాథన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

తగాదాను మొదట్లోనే తప్పించే దారి 1981 సెప్టెంబరు 26 నాటి ఉత్తర్వుతో వచ్చింది. జీతాన్ని ప్రమోషన్ తేదీనే స్థిరీకరించుకోవచ్చు. లేదా అప్పటికి పాత పద్ధతిలో పైస్టేజి మాత్రం తీసుకుని, కింది పోస్టులో తన తర్వాతి ఇంక్రిమెంటు తేదీన పూర్తి స్థిరీకరణ కోరవచ్చు. ఈ ఆప్షన్ నెలరోజుల్లో ఇవ్వాలి. పై ఉదాహరణలోని సీనియర్‌కు ఈ వీలు ఉండి ఉంటే సెప్టెంబరులోనే 60కి చేరేవాడు.

1989 ఆగస్టు 30 నోటిఫికేషన్‌తో 22-సి స్థానంలో ఎఫ్.ఆర్. 22(ఐ)(ఎ)(1) వచ్చింది. పేరు మారింది, పద్ధతి మారలేదు. ఆరో వేతన సంఘం తర్వాత, 2006 జనవరి 1 నుంచి, స్టేజిలే పోయాయి: మూలవేతనంలో 3 శాతం, దానితోపాటు కొత్త పోస్టు గ్రేడ్ పే. ఇది సులువైన లెక్కే గాని, 5000-8000, 5500-9000 వంటి వేర్వేరు స్కేళ్ళకు ఒకే 4200 గ్రేడ్ పే ఇవ్వడంతో వాటి మధ్య మెట్టు చెరిగిపోయింది. 2016లో ఏడో వేతన సంఘం పట్టికతో స్టేజిలు తిరిగి వచ్చాయి. నాలుగో లెవెల్‌లో 28,700 తీసుకునే ఉద్యోగికి ముందు అక్కడే 29,600, తర్వాత ఐదో లెవెల్‌లో దానికి సమానమైన లేదా పైనున్న గడి, అంటే 30,100. 1961 నాటి ఊహాత్మక ఇంక్రిమెంటును మీరు ఇందులో గుర్తుపట్టగలరు.

తెలుగు రాష్ట్రాలలో

మన రాష్ట్రాలలో 22-సికి సాటి నియమం ఎఫ్.ఆర్. 22(బి). ఇక్కడ అన్ని స్కేళ్ళూ ఒకే మాస్టర్ స్కేలులోని ముక్కలు కాబట్టి లెక్క మరింత స్పష్టం: 22(బి) అంటే రెండు స్టేజిలు, 22(ఎ)(ఐ) అంటే ఒకటి. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద 12 ఏళ్ళ స్కేలు పొందినప్పుడే 22(బి) లాభం తీసుకున్నవారికి తర్వాతి ప్రమోషన్‌లో 22(ఎ)(ఐ) మాత్రమే వర్తిస్తుంది. ప్రమోషన్ ఆలస్యమైనవారికి అసంతృప్తి కలిగించేది ఈ అంశమే.

2015 స్కేళ్ళలో సెకండరీ గ్రేడ్ టీచరు స్కేలు 21230-63010, స్కూల్ అసిస్టెంటుది 28940-78910. 12 ఏళ్ళ స్కేలు ఇంకా పొందని, 28,940 తీసుకుంటున్న ఒక సెకండరీ గ్రేడ్ టీచరుకు 2016 సెప్టెంబరు 1న ప్రమోషన్ వచ్చిందనుకుందాం. ఇంక్రిమెంటు తేదీ డిసెంబరు 1. ప్రమోషన్ తేదీనే స్థిరీకరిస్తే 30,580. తర్వాతి సెప్టెంబరులో 31,460. ఇంక్రిమెంటు తేదీకి ఆప్షన్ ఇస్తే మొదటి మూడు నెలలు 29,760 మాత్రమే, నెలకు 820 చొప్పున 2,460 తగ్గుతుంది. కాని డిసెంబరు 1న కింది జీతం 29,760 అవుతుంది, దానికి నోషనల్ ఇంక్రిమెంటు కలిపితే 30,580, పైస్టేజి 31,460. తర్వాతి తొమ్మిది నెలల్లో నెలకు 880 చొప్పున 7,920 అదనం. పైగా ఏటా ఇంక్రిమెంటు మూడు నెలలు ఆలస్యంగా వచ్చినా, మిగిలిన తొమ్మిది నెలలూ ఒక స్టేజి ముందుంటారు. కరవు భత్యం ఈ లెక్కలో కలపలేదు.

ఇప్పుడు ఇంక్రిమెంటు తేదీని డిసెంబరు 1కి బదులు ఆగస్టు 1గా మార్చి, రెండు ఆప్షన్లనూ రెండేళ్ళ పాటు నెలవారీగా లెక్క కట్టి చూడండి. ఈ టీచరుకు మీరు ఏ ఆప్షన్ ఇవ్వమంటారు?