ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేస్తున్నారా? సీవీలో ఈ మార్పులు చేసుకోండి

ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేసే బీకాం, ఎంబీఏ విద్యార్థులు చాలామంది సీవీలో ‘హార్డ్ వర్కర్’, ‘క్విక్ లెర్నర్’ అని రాసేస్తుంటారు. వాటికి రుజువు ఉండదు. చేసిన పని రాస్తేనే ఇంటర్వ్యూలో మాట్లాడేందుకు విషయం దొరుకుతుంది.

‘ఎక్సెల్ వచ్చు’ అంటే సరిపోదు. ఏదైనా లిస్టెడ్ కంపెనీ 5 ఏళ్ల వార్షిక నివేదికలు తీసుకుని, అప్పులు, లాభాలు ఎక్సెల్‌లో పోల్చి చూసి, ఆ ప్రాజెక్టునే సీవీలో పెట్టాలి. ఈ నివేదికలు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వెబ్‌సైట్లలో ఫ్రీగానే దొరుకుతాయి. సెబీ ఏర్పాటు చేసిన ఎన్ఐఎస్ఎం పరీక్ష పాసైతే, పరీక్ష పేరు, ఏడాది రాయాలి. కాలేజీ ఫెస్ట్ లెక్కలు చూసుంటే ఎంత మొత్తమో చెప్పొచ్చు.

అంతా ఒక్క పేజీలో, పీడీఎఫ్‌గా పంపితే మంచిది. ఆధార్, పాన్ నంబర్లు అక్కర్లేదు. చేయని ప్రాజెక్టు మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూలో తొలి ప్రశ్న దానిమీదే రావచ్చు.