పూరీ రైల్లో ట్రంకుపెట్టె, మన ఇంటి ఆడపిల్ల మాట



పోయిన నెల సర్వసభ్య సమావేశంలో మన సమాధాన కమిటీ గురించి మాట వచ్చింది. మొగుడూ పెండ్లాల తగాదాలు వచ్చినప్పుడు కమిటీ ఎట్లా విచారించాలి అని. ఒక పెద్దాయన లేచి, "ఆడమనిషి వచ్చి ఏడిస్తే అయిపోయిందా? సాక్షి ఉండొద్దా?" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు కానీ నోరు కూడా తెరవలేదు. ఇంటికి వచ్చినాక నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగు, కాఫీ పెట్టుకుని చదవండి. నేను బడిలో తమిళం చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

సాక్షి అన్నారు కాబట్టి సాక్షి సంగతే చెబుతాను. రైలు కథతో మొదలుపెడతాను, నాకు వచ్చింది అదే కదా.

1937 మార్చి 23, మంగళవారం. పూరీ స్టేషన్. ఖుర్దారోడ్డు నుంచి వచ్చే బ్రాంచి లైను అక్కడితో ఆఖరు. మూడో తరగతి పెట్టెలో ఒక స్టీలు ట్రంకు మిగిలిపోయింది, నాది అని ఎవరూ రాలేదు. తెరిచి చూస్తే ఏడు ముక్కలుగా నరికిన మగమనిషి శవం. ఆయన పిఠాపురం వాడు, నలభై ఏండ్ల వయసు, ఒకప్పుడు పిఠాపురం దివాను దగ్గర బంట్రోతు. ఆ దివాను కూతురు, అల్లుడు బరంపురంలో కాపురం. 1936లో ఆ కూతురు ఈ పాత బంట్రోతు దగ్గరే విడతలవారీగా 3,000 రూపాయలు అప్పు తీసుకుంది, నూటికి 18 వడ్డీ. ఆయన ఇంట్లో ఆమె రాసిన ఉత్తరాలు, చీట్లు యాభై దాకా దొరికాయి. మార్చి 20 శనివారం ఆయనకు సంతకం లేని ఒక ఉత్తరం వచ్చింది, బరంపురం రమ్మని. మరుసటి రోజు రైలెక్కాడు. పిఠాపురం నుంచి బరంపురం 250 మైళ్ళు.

పోయే ముందు ఇంట్లో పెండ్లాంతో ఒక మాట చెప్పాడు: ఆమె ఉత్తరం రాసింది, బాకీ ఇస్తానంది, బరంపురం పోతున్నాను అని. వినింది ఆ ఇల్లాలు ఒక్కతే. శవాన్ని గుర్తుపట్టిందీ ఆమే.

ఇదే పాకాల నారాయణస్వామి కేసు. లా కాలేజీ పిల్లలందరికీ తెలుసు, మనకే తెలియదు, అంతా మన తెలుగువాళ్ళ మధ్య నడిచినదే అయినా. ఛత్రపురం మేజిస్ట్రేటు ఆధారం చాలదని అందరినీ వదిలేశాడు. బరంపురం సెషన్స్ జడ్జి ఊరుకోలేదు, అల్లుణ్ణీ, అతని భార్యనూ విచారణకు రప్పించాడు. భార్యను విడిచిపెట్టారు, అతనికి ఉరిశిక్ష పడింది. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసి ఒక్క ఏడాది. ఒరిస్సాకు సొంత హైకోర్టు లేదు (అది 1948లో వచ్చింది), అందుకని కేసు పాట్నా హైకోర్టుకు పోయింది. అక్కణ్ణుంచి లండన్ ప్రివీ కౌన్సిల్‌కు.

అక్కడ లాయర్ల వాదన ఏమిటంటే, ఆ ఇల్లాలు చెప్పేది చచ్చిపోయినవాడి మాట, ఆయన వచ్చి బోనులో నిలబడలేడు, కాబట్టి అది చెల్లదు. చనిపోయినవారి మాట చెల్లాలంటే 1872 సాక్ష్య చట్టంలో 32వ సెక్షను. మనం మరణ వాంగ్మూలం అంటాం. ఇంగ్లీషువాళ్ళ దేశంలో అయితే ఆ మనిషి ఇంక బతకను అని తెలిసి చెప్పిన మాటే చెల్లుతుంది. చావు ముందర అబద్ధం ఆడరు అని వాళ్ళ నమ్మకం. మన చట్టంలో ఆ షరతు పెట్టలేదు. 1939 జనవరి 19న ప్రివీ కౌన్సిల్ తరఫున లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పాడు: చావు వస్తుందని ఆ మనిషికి తెలియకపోయినా, అప్పటికి ఇంకా ఏమీ జరగకపోయినా, చావుకు దారితీసిన సందర్భం గురించి చెప్పిన మాట అయితే చెల్లుతుంది. 

ఒకసారి ఆగి చూడండి. నాలుగు గోడల మధ్య చెప్పిన మాట. చెప్పినవాడు లేడు. విన్నది ఒక్కతే ఆడమనిషి. ఆమె చదువుకున్నదా, ఏడ్చి చెప్పిందా, మెల్లగా చెప్పిందా అని కాదు, మాట సందర్భానికి సరిపోతున్నదా అని చూసి, లండన్ దాకా లెక్కలోకి తీసుకున్నారు. అదే ఇల్లాలు, మొగుడు బతికి ఉండగా, "నన్ను కొడుతున్నాడు" అని ఏ పంచాయతీకైనా పోయి ఉంటే? మన పెద్దలు అడిగే మొదటి మాట మీకు తెలుసు.

ఆ తరవాత ఈ తీర్పు ఎక్కువగా పనికొచ్చింది ఎవరికో తెలుసా? అత్తవారింట్లో చచ్చిపోయిన ఆడపిల్లల తల్లిదండ్రులకు. 1982లో పూణేలో ఒక అమ్మాయి చనిపోయింది, పెండ్లయి నాలుగు నెలలు. చెల్లెలికీ స్నేహితురాలికీ ఆమె ఉత్తరాలు రాసింది, తన బాధ గురించి. ఆ ఉత్తరాలు కోర్టులో చెల్లుతాయా? సుప్రీంకోర్టు 1984 జులైలో తీర్పు ఇచ్చింది. శరద్ సారడా కేసు అంటారు. ముగ్గురు జడ్జీలు అన్ని విషయాల్లో ఒకే మాట అనలేదు. (అందులో ఒకరు జస్టిస్ వరదరాజన్, మన జోలార్‌పేట మనిషి. ఆ జంక్షనులో రైలు మారిన ప్రతిసారీ నాకు గుర్తొస్తారు.) పెండ్లయినాక కొద్ది నెలల్లో పోయిన అమ్మాయి తన కాపురం గురించి చెప్పిన మాటలు, రాసిన ఉత్తరాలు 32వ సెక్షను కింద చూడవచ్చు అని తేల్చారు. పిఠాపురం కేసు అక్కడ మళ్ళీ వచ్చింది. అదే తీర్పులో ఆ భర్తను నిర్దోషి అని వదిలిపెట్టారు, ఆత్మహత్య కాదని గట్టిగా చెప్పే రుజువు లేదని. ఇది గమనించండి. మాట వినడం వేరు, శిక్ష వేయడం వేరు. మాట విన్నారు, తూచారు, చాలలేదన్నారు. వినకుండా పంపలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చాలా ఏండ్లుగా ఎవరికీ చెప్పలేదు.

1996లో నేను ఇలాంటి కమిటీ ఒకదానిలో ఉన్నాను. గుమాస్తా కదా, దస్తూరి బాగుంటుందని మినిట్స్ రాసే పని నాకు ఇచ్చారు. ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో కొడుకు బడి నోటుబుక్కు. అందులో తమిళంలో తేదీలు వేసి రాసుకుంది: ఏ రోజు ఏం జరిగింది, చెంప మీదా వీపు మీదా, ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు. జీతం రోజులు ఎక్కువ ఉన్నాయి. నా బతుకంతా నేను నమ్మింది అలాంటి రాతనే. గూడ్సు షెడ్డులో ఒక బస్తా తగ్గితే రిజిస్టరులో ఏముంది అని చూస్తాం, బస్తాను పిలిచి సాక్షి ఎవరు అని అడగం. అయినా ఆ రోజు మేము ఐదుగురు మగవాళ్ళం ఆ అమ్మాయిని అదే అడిగాం, సాక్షి ఎవరు అని. మాలో పెద్దాయన తమిళ సామెత చెప్పారు, "కల్లానాలుం కణవన్, పుల్లానాలుం పురుషన్." రాయి అయినా మొగుడే, గడ్డి అయినా మొగుడే. భర్త తల వంచుకుని కూర్చున్నాడు, అందరికీ అణకువగా జవాబు చెప్పాడు. ఆఫీసులో రోజంతా ఎస్ సార్ అని, ఇంటికి పోయి సింహం అయ్యేవాళ్ళను నేను ఎంతమందిని చూశానో. అప్పుడు మాత్రం గుర్తు పట్టలేదు. మంచివాడిలా ఉన్నాడే అనుకున్నాను.

"ఇరుపక్షాలు రాజీకి సమ్మతించిరి" అని రాశాను. ఆమె సమ్మతించలేదు. ఏమీ మాట్లాడలేదు, అంతే. ఆపైన, ఇంటి విషయం ఇంట్లోనే ఉండనీ అని ఆ నోటుబుక్కు తీసి భర్త చేతికి ఇచ్చాం. ఇచ్చింది నేనే.

పన్నెండేండ్ల తరవాత ఒక పెండ్లిలో కనబడింది. మూడేండ్లు ఉండి, ఆ ఇల్లు వదిలేసి, వేరే ఊళ్ళో బట్టలు కుట్టి కొడుకును చదివించింది. నేను పలకరిస్తే, "అన్నా, ఆ నోటుబుక్కు జ్ఞాపకం ఉందా? ఆ రాత్రి నా చేతనే పొయ్యిలో వేయించాడు" అంది. కోపంగా అనలేదు. ఆపైన సాంబారు బాగుందని చెప్పి పక్కకు పోయింది.

ఆమె ఆ ఇంట్లోనే చచ్చిపోయి ఉంటే ఆ పుస్తకం కోర్టులో ఎగ్జిబిట్ అయి ఉండేది. నంబరు వేసి, సీలు వేసి, జడ్జి అద్దాలు పెట్టుకుని చదివి ఉండేవారు. బతికి ఉంది కాబట్టి పొయ్యిలోకి పోయింది.

ఆ తరవాతే నేను ఈ చట్టాల పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక ఇంకా ఎక్కువ.

బతికున్న ఆడమనిషి మాట వినడానికి మన చట్టానికి చాలా కాలం పట్టింది. 1983కు ముందు మొగుడు కొడితే మామూలు కొట్లాట కేసే, 323వ సెక్షను. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయడానికి కూడా వీలులేనిది. స్టవ్ పేలి కోడలు పోయింది అనే వార్తలు, వాటి మీద ఢిల్లీలో ఆడవాళ్ళ ఊరేగింపులు, ఆ తరవాత 1983 డిసెంబరులో 498ఏ వచ్చింది. 1986లో వరకట్న చావుకు వేరే సెక్షను, 304బీ. మన చెన్నైలో 1992లో థౌజండ్ లైట్స్‌లో తమిళనాడు మొదటి మహిళా పోలీస్ స్టేషను తెరిచారు.

మధ్యలో ఒక వింత. 2001, 2002లో సుప్రీంకోర్టు రెండు కేసుల్లో (రెండోది ఒడిశా నుంచి వచ్చినదే) ఇలా అంది: చావు నేరం రుజువు కాక, మిగిలింది హింస నేరం ఒక్కటే అయితే, పోయిన అమ్మాయి తల్లితో చెప్పిన మాటలు 32వ సెక్షను కింద పనికిరావు, ఎందుకంటే ఇప్పుడు ప్రశ్న చావు గురించి కాదు కదా. అంటే ఆమె మాటకు విలువ చావుతో వస్తుంది, చావు పక్కకు పోతే విలువా పోతుంది. ఇరవై ఏండ్లు అలాగే నడిచింది. 2022 మే నెలలో జస్టిస్ ఎన్.వి. రమణ గారి ముగ్గురు జడ్జీల బెంచి అది సరికాదని సరిదిద్దింది, సురేంద్రన్ కేసులో.

నేను గుమాస్తాను, నంబర్లు చూస్తాను. ఒక నంబరు నన్ను వదలడం లేదు. 2005 గృహహింస చట్టం (అమలు 2006 అక్టోబరు 26 నుంచి) తెరిచి చూడండి. అందులోనూ ఒక 32వ సెక్షను ఉంది. ఆమెను ముట్టుకోవద్దు, దగ్గరికి పోవద్దు అని కోర్టు రక్షణ ఉత్తరువు ఇచ్చినాక అతను దాన్ని మీరితే, ఆ బాధితురాలి ఒక్కరి సాక్ష్యం మీదనే కోర్టు నేరం జరిగిందని తేల్చవచ్చు అని అందులో రాసి ఉంది. 1872 నాటి 32 చచ్చిపోయినవాళ్ళ మాటకు, 2005 నాటి 32 బతికున్న ఆమె మాటకు. మధ్యలో 133 ఏండ్లు. కావాలని ఆ నంబరు పెట్టి ఉండరు. నాకు మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. (ఇప్పుడు పాత సాక్ష్య చట్టం పోయింది, 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 26వ సెక్షను. 498ఏ ఇప్పుడు న్యాయ సంహితలో 85, 86.)

తప్పుడు కేసులు లేవా అంటారు. ఉన్నాయి, లేవని నేను అనను. అందుకే 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 498ఏ అనగానే అరెస్టు చేయవద్దు, అవసరం ఉందా అని చూసి కారణం రాయాలి అని పోలీసులకు చెప్పింది. నిజం తేల్చే పని కోర్టుది, తేల్చనివ్వండి. మన కమిటీ ముందు ఉన్న ప్రశ్న అది కాదు. ఈ రాత్రి ఈ అమ్మాయిని ఆ ఇంటికి తిరిగి పంపాలా వద్దా, అది ఒక్కటే. దానికి సాక్షి ఎందుకు? కొట్టేవాడు నలుగురిని పిలిచి కొడతాడా?

మాలో చాలామంది "నేను ఎప్పుడూ చెయ్యెత్తలేదు" అని గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నాను. ఒకసారి మా ఇంటావిడ, "దానికి పతకం ఇవ్వాలా?" అంది. ఆ నోటుబుక్కు సంగతి ఆమెకు తెలిసిన రోజు అది.

అందుకని వచ్చే ఆదివారం మీటింగులో నేను తీర్మానం పెడుతున్నాను. కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వచ్చిన ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాయాలి, చదివి వినిపించాలి, ఒక నకలు ఆమెకే ఇవ్వాలి, భర్తకు కాదు. రాజీ అనే మాట ముందుగా మన నోటినుంచి రాకూడదు. 181 నంబరు, జిల్లా ప్రొటెక్షన్ ఆఫీసరు ఫోను గోడ మీద రాసి పెట్టాలి. కోర్టుకు పోవాలంటే ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షను, అది కూడా చెప్పాలి.

బలపరిచేవాళ్ళు ఇద్దరు కావాలి. ఒకరు ఒప్పుకున్నారు, ఆడమనిషి. రెండో పేరు మగవాళ్ళలోంచి వస్తే బాగుంటుంది. శనివారం లోపల నాకు ఫోను చేయండి.