పిలిస్తే పలికేంత దూరంలో ఆటస్థలం



చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం వైపు నుంచి ఖమ్మానికో, హైదరాబాదుకో కాపురం మార్చుకున్న తల్లిని ఎవరినైనా పలకరించి చూడండి. ఇల్లు దొరికింది, నీళ్లొస్తున్నాయి, బడి కూడా దగ్గరే అంటుంది. కాసేపాగి, "పిల్లలు ఆడుకోవడానికే చోటు లేదమ్మా" అంటుంది. ఈ కొరత ఎప్పటి నుంచి వచ్చింది, దీనికి ఎవరెవరు ఏం చేశారు అన్నదే ఈవేళ నేను చెప్పబోయే సంగతి.

అడవి అంచు ఊళ్లలో ఆటస్థలం అనే మాటతో పనే ఉండేది కాదు. కోతికొమ్మచ్చికి చెట్టు కావాలి, చెట్టుంది. వామనగుంటలకు చింతగింజలు, అచ్చనగాయలకు గులకరాళ్లు, చిర్రగోనెకు రెండు పుల్లలు. తొక్కుడుబిళ్లకు ఇంత పెంకుముక్క. వేసవిలో గోదావరి పక్కకు తప్పుకుని బోలెడంత ఇసుక వదిలిపెడుతుంది. ఆ ఇసుకకు సాటి వచ్చేది ఏ మునిసిపాలిటీ కట్టగలదు చెప్పండి? అలాగని మరీ మురిసిపోనక్కర లేదు. గోదావరి ఇచ్చిన చోటు గోదావరే తీసుకుంటుంది. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు ఎక్కాయి. పాము, తేలు భయం సరేసరి. అయినా తల్లులు నిబ్బరంగా ఉండేవారంటే, ఏదో ఒక అరుగు మీద ఒక అవ్వ కూర్చుని అందరి పిల్లల మీదా కన్నేసి ఉంచేది కనక. ఈ అవ్వను కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పట్నంలో అలా కాదు. ఎవరో ఒకరు పూనుకుని కేటాయిస్తే తప్ప అక్కడ ఖాళీ జాగా మిగలదు. మన ప్రాంతంలో ఆ పని ముందుగా చేసింది బొగ్గు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1880ల్లో తవ్వకం మొదలైంది, తర్వాత కొత్తగూడెం గనులూ వచ్చాయి. గనులతో పాటు క్వార్టర్లు, క్లబ్బులు, గ్రౌండ్లు వచ్చాయి. కొత్తగూడెం ప్రకాశం స్టేడియం ఆ బాపతుదే. ఇక ఖమ్మం 1953 అక్టోబరు 1న జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు, కాలేజీ వచ్చాయి. పెవిలియన్ గ్రౌండు, సర్దార్ పటేల్ స్టేడియం, ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. కాలేజీ మైదానం ఊళ్లో అందరికీ తెలిసినవే. వీటిలో పరుగెత్తి పైకొచ్చిన పిల్లలున్నారు, కాదనను. కానీ పెద్ద మైదానంలో పెద్దవాళ్లకూ వాటా ఉంటుంది. ఇవాళ సభ, రేపు ఎగ్జిబిషను, ఎల్లుండి టోర్నమెంటు. ఆరేళ్ల పిల్లకు అందులో పాలెంత?

హైదరాబాదు కథా దాదాపు ఇంతే, కాకపోతే హంగు ఎక్కువ. 1963 అక్టోబరు 6న నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరిచారు. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ పెట్టారు. 1975లో పునాదిరాయి పడిన ఇందిరా పార్కు, 76 ఎకరాలది, 1978లో జనానికి అందింది. మంచి పనులే అన్నీ. అయితే ఇవన్నీ వెళ్లి రావలసిన చోట్లు. టిఫిను కట్టుకుని, బస్సెక్కి, మగవారికి సెలవున్న రోజు చూసుకుని వెళ్లాలి. పిల్ల ఆడుకోవాలనుకునేది మాత్రం రోజూ సాయంత్రం నాలుగున్నరకు! ఆ రోజుల్లో గడప దాటకుండానే పిల్లలకు ఆటపాటలు అందించింది ఒక్క రేడియోయే. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, మద్రాసులోనూ తర్వాత హైదరాబాదులోనూ తెలుగు పిల్లలను పోగుచేశారు. రేడియో వారికి రేడియో ముద్దు అంటారేమో, అనండి.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకువెడతాను. హాలండులో ఆమ్‌స్టర్‌డామ్ అని పెద్ద నగరం. రెండో ప్రపంచయుద్ధానికి ముందు అక్కడి ఆటస్థలాలు చాలామటుకు సంఘాలవి. చుట్టూ కంచె, సభ్యత్వం ఉన్న పిల్లలకే గేటు. యుద్ధం అయ్యాక నగరపాలక సంస్థ ప్రణాళికా విభాగంలో యాకోబా ముల్డర్ అనే ఆవిడ ఉండేది. వీధిలో ఒక చిన్నపిల్ల చెట్టు మొదట్లో మట్టి తవ్వుకుంటూ ఆడుకోవడం ఆవిడ కంట పడింది. మనలాంటి వాళ్లమైతే "ఆ మురికేమిటే, చేతులు కడుక్కో" అందుము. ఆవిడ మాత్రం, ఈ పిల్లకు ఇక్కడే ఇంత ఇసుక పోయిస్తే ఏం అనుకుంది. ఆ పని ముప్ఫై ఏళ్లయినా నిండని ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్టుకు అప్పగించారు. 1947లో బెర్టెల్మన్ కూడలిలో ఆయన కట్టిందేమిటంటే, అంచు కట్టిన ఒక ఇసుక గుంట, పల్టీలు కొట్టడానికి రెండు మూడు ఇనప కమ్మీలు, పెద్దవాళ్లు కూర్చోవడానికి బల్లలు. అంతే. ఏనుగు బొమ్మలూ లేవు, కంచే లేదు.

చూసిన జనం ఊరుకుంటారా? మా వీధికీ ఒకటి కావాలని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఊళ్లో ఎక్కడ చిన్న ముక్క ఖాళీగా ఉంటే అక్కడ కట్టుకుంటూ పోయారు. నాజీలు యూదులను పట్టుకుపోయాక పాడుబడి కూలిన ఇళ్ల జాగాలూ వాటిలో ఉన్నాయి. 1970ల చివరికి లెక్క 700 దాటింది. ఒక్క ఊళ్లో 700! వాటిలో చాలావాటి విస్తీర్ణం మన పెళ్లిపందిరికి మించదు. పిల్లను కిటికీలోంచి పిలిస్తే పలుకుతుంది. ఆ బల్లల మీద కూర్చున్నవారెవరో మీకు తెలిసే ఉంటుంది, మన అరుగు మీది అవ్వే.

మన దగ్గర చట్టం లేక కాదు. లేఔట్ వేస్తే పదో వంతు జాగా పార్కులకూ ఆటలకూ వదలాలని నిబంధన ఉంది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. కానీ ఆ పదో వంతులో ముందు ఇటుక ముక్కలు పడతాయి, తర్వాత ఎవరిదో రేకుల షెడ్డు లేస్తుంది, ఆ తర్వాత అది ఎవరి పేరునో ఉంటుంది. బెంగళూరులో ఇలాగే పార్కుకని వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చేశారు. ఆ పేట వాళ్లు కోర్టుకెక్కారు. చివరికి 1991లో సుప్రీంకోర్టు, పార్కు జాగా పార్కుగానే ఉండాలని తీర్పు చెప్పింది. ఆస్పత్రి మంచిది కాదా అంటే మంచిదే, ఇంకోచోట కట్టుకోవచ్చు. పేట మధ్యలో పిల్లల జాగా మాత్రం ఇంకోచోటికి పోతే పిల్లలకు అందదు.

ఈ దూరం దెబ్బ ముందు తగిలేది ఆడపిల్లకు. మగపిల్లాడు సైకిలు తొక్కుకుంటూ పెవిలియన్ గ్రౌండుకైనా పోతాడు. పదకొండో ఏడు వచ్చిందంటే ఆడపిల్లను అంత దూరం పంపరు. తప్పు పట్టలేం, చూసే కన్ను లేని చోటికి ఎలా పంపుతారు? దాంతో చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ల అపార్టుమెంటు కింద కార్ల మధ్యకు చేరాయి. అక్కడా కారు యజమాని కసురుకుంటాడు.

మరి మన పేటలో చోటు ఎక్కడ? లకారం చెరువు కట్ట మీద పార్కు బాగానే ఉంది, దగ్గర ఇళ్లవాళ్లకు. తక్కిన వాళ్లం ఒకటి ఆలోచించండి. ఏటా తొమ్మిది రోజులు ప్రతి కాలనీలోనూ బతుకమ్మ ఆడే చోటు ఒకటి ఉంటుంది కదా. గుడి ముందో, నాలుగు వీధులు కలిసే చోటో, ఎవరూ ఇల్లు కట్టని జాగాయో. ఆ తొమ్మిది రోజులూ ఎవరి అనుమతీ అడగం. చెత్త మనమే తీసేస్తాం, నీళ్లు చల్లుతాం, లైటు పెట్టించుకుంటాం. ఆడపిల్లలు, ముసలివాళ్లు అందరూ నడిచే వస్తారు. అంటే ఆ చోటు ఎప్పుడో ఎంచుకుని ఉన్నాం. సద్దుల బతుకమ్మ మర్నాడు అక్కడ చెత్త పడకుండా చూసి, వార్డు మెంబరుగారిని ఒక ట్రాక్టరు ఇసుకా, రెండు సిమెంటు బల్లలూ అడగండి. అర్జీ మీద ఆ వీధి ఆడవాళ్లందరి సంతకాలూ ఉండాలి. రంగుల జారుడుబల్ల తర్వాత చూసుకోవచ్చు, నీడకు మాత్రం ఒక వేపమొక్క ఈ వానల్లోనే నాటేయండి.