చికాకోల్ నుంచి యూనివర్సిటీ దాకా: మన పిల్లల తాలీమ్, మన ఫైసలా



ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే మన ఘరానాల్లో ఒకటే చర్చ. అబ్బాజాన్ ఇంజనీరింగ్ అంటారు, మామూజాన్ ఫార్మసీ అంటారు, నానీమా "ఆడపిల్లకి అంత దూరం ఎందుకు బేటా" అంటుంది. చదవాల్సిన పిల్ల మాత్రం మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. ఇదేదో మన జమానాకే వచ్చిన పరేషానీ అనుకుంటాం. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తారీఖ్ తిరగేస్తే, ఇదే సవాల్ ఇక్కడి వాలిదైన్ ముందు నూట అరవై ఏళ్లకు పైగా నిలబడి ఉందని తెలుస్తుంది. అప్పటివాళ్లు ఏం చేశారో తెలిస్తే మన ఫైసలా కొంత ఆసాన్ అవుతుంది.

మొదట మన ఊరి పాత సంగతి. శ్రీకాకుళాన్ని అప్పట్లో చికాకోల్ అనేవారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది ఫౌజ్‌దార్ కూర్చునే మకాం. ఇక్కడి జామియా మసీదు 1641లో ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించినది. ఆ రోజుల్లో చదువంటే ఫారసీ. ఫారసీలో హిసాబు రాయగలిగినవాడికి, ఫర్మానా చదివి అర్థం చెప్పగలిగినవాడికి సర్కార్‌లో నౌకరీ ఖాయం. జిల్లా, తహసీల్, దస్తావేజు, జమాబందీ, హుజూర్, పేష్కార్: ఈ మాటలన్నీ ఆ దఫ్తర్ల నుంచే తెలుగులోకి వచ్చి స్థిరపడిపోయాయి.

తర్వాత హుకూమత్ మారింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1757లో బొబ్బిలి యుద్ధం, 1758లో చందుర్తి యుద్ధం. 1766లో నిజాంతో సుల్హ్ కుదిరాక సర్కార్లు ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్లాయి. ఫౌజ్‌దారీ పోయింది. 1830లు గడిచేసరికి ఫారసీకి సర్కారీ జబాన్ హోదా కూడా పోయింది. మాటలు తెలుగులో మిగిలాయి, ఆ మాటలతో రోజీ సంపాదించుకున్న ఖాందాన్లకు మాత్రం దఫ్తర్ తలుపులు మూసుకుపోయాయి.

ఇందులో సబక్ ఉంది. ఆ బుజుర్గుల ఇల్మ్ తక్కువది కాదు. కానీ అది ఒకే సర్కారు, ఒకే రకం నౌకరీ మీద ఆధారపడ్డ ఇల్మ్. ఆ సర్కారు పోగానే దాని బజార్ కూడా పోయింది. ఈరోజు "కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దు" అని పట్టుబట్టే అమ్మీ అబ్బాలు ఈ మాట ఒక్కసారి ఆలోచించాలి. కోర్సు పేరు కన్నా, రేపు ఇంకో పని నేర్చుకోగలిగే సత్తా పిల్లవాడికి వస్తోందా లేదా అన్నది పెద్ద సవాల్.

ఇక 1857. దేశమంతా గదర్ జరుగుతున్న ఆ సంవత్సరమే మద్రాసు యూనివర్సిటీ పుట్టింది. అదే సంవత్సరం విజయనగరంలో మహారాజా వారు ఇంగ్లీషు స్కూలు తెరిచారు. 1879లో అది కాలేజీ అయింది. అదే మహారాజా కాలేజీ. అంతకు ముందు ఈ ప్రాంతపు కుర్రవాడికి డిగ్రీ కావాలంటే మద్రాసు వైపు చూడాల్సిందే. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఈ తీరం వెంట రైలు వచ్చింది 1890ల్లో. అప్పటిదాకా ఎడ్లబండి, లేదా భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడ. అలాంటి రోజుల్లో ఇంటి పక్కనే కాలేజీ దొరకడం ఎంత పెద్ద నేమత్!

ఆ స్కూల్లో చదివిన ఇద్దరు పిల్లల కహానీ చెప్తాను. పేర్లు మీకు తెలుసు. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి. ఒకరు 1862లో పుట్టారు, ఇంకొకరు 1863లో. గురజాడ వాలిద్ విజయనగరం సంస్థానంలో పేష్కారు, ఖిలేదారు లాంటి ఉద్యోగాలు చేశారు. చూశారా, ఆ పాత ఫారసీ హోదాలే. ఇద్దరికీ చిన్నతనంలోనే తండ్రి సాయా పోయింది. గిడుగు తండ్రి 1875లో జ్వరంతో చనిపోయారు. ఆ పిల్లవాడు విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్నాడు. గురజాడకు కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి తన ఇంట్లోనే జాగా ఇచ్చి, అన్నం పెట్టి చదివించారు.

గిడుగు 1879లో మెట్రిక్యులేషన్ అయ్యారు. ఇంటి హాలత్ చూసి వెంటనే 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరిపోయారు. కానీ చదువు ఆపలేదు. నౌకరీ చేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పాసయ్యారు. చుట్టూ ఉన్న సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు పుస్తకాలు రాశారు. గురజాడ 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. ఇదంతా విజయనగరంలోనే. తర్వాత అదే కాలేజీలో లెక్చరర్. చివరికి మద్రాసు యూనివర్సిటీకి ఫెలో అయ్యి, 1914లో అక్కడి పెద్దల తెలుగు పాలసీకి ఖిలాఫ్‌గా తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. యూనివర్సిటీ మెట్లెక్కడానికి పరాయి ఇంట అన్నం తిన్న పిల్లవాడు, అదే యూనివర్సిటీని నిలదీసే స్థాయికి వెళ్లాడు.

ఈ ఇద్దరి రాస్తాలూ వేరు. ఏదీ తక్కువది కాదు. మన ఇళ్లలో "ఇప్పుడు సీటు రాకపోతే జిందగీ ఖతం" అని పిల్లల్ని భయపెడతాం. పదహారేళ్లకే మాస్టరీ చేసిన గిడుగు జిందగీ ఏమైనా ఖతం అయిందా? ఇంకో సంగతి. ఈ ఇద్దరినీ యూనివర్సిటీకి తయారు చేసింది కేవలం వాలిదైన్ కాదు. వాళ్లు లేనిచోట ఒక బంధువు, ఒక ఉస్తాద్ నిలబడ్డారు. మన జిల్లాల్లో మనవాళ్లు వందకు ఒక్కరు కూడా లేరు. విశాఖలో చదివే పేద పిల్లకి ఒక గది, రెండు పూటల ఖానా ఇచ్చే ఇల్లు మన జమాత్‌లో ఉంటే, అది ఎన్ని తఖ్రీర్లకు సమానమో మీరే చెప్పండి.

మరి అప్పుడు మన ఖౌమ్ ఎక్కడుంది? ముస్లింలు కొత్త చదువుల్లో వెనకబడ్డారని 1871లో లార్డ్ మేయో సర్కారు ఒక తీర్మానమే చేసింది. 1882లో వచ్చిన హంటర్ కమిషన్ మన తాలీమ్ గురించి విడిగా రాసింది. స్కాలర్‌షిప్పులు, ఫీజు లేని సీట్లు, ముస్లిం టీచర్ల ట్రైనింగ్ కావాలని సిఫారసు చేసింది. అంతకు ముందే, 1875లో, సర్ సయ్యద్ అలీగఢ్‌లో స్కూలు పెట్టారు. రెండేళ్లకే అది కాలేజీ, 1920లో యూనివర్సిటీ. 1918లో హైదరాబాద్‌లో ఉర్దూ మీడియంతో ఉస్మానియా. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కృషితో కర్నూలులో ఉస్మానియా కాలేజీ. ఈరోజు కర్నూలు ఉర్దూ యూనివర్సిటీకి ఉన్నది ఆయన పేరే. ఇవన్నీ మన ప్రాంతానికి దూరమే. కానీ ఒక రోగానికి దవా వెతికినవాళ్లు ఏడుస్తూ కూర్చోలేదని ఇవి సుబూత్.

మన వైపు దూరం తగ్గింది 1926లో. ఆ ఏడు ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలై, కొన్నేళ్లకే వాల్తేరుకు వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పిలుపు మీద బెంగాల్ నుంచి ఒక నౌజవాన్ లెక్చరర్ వాల్తేరు వచ్చాడు. పేరు హుమాయూన్ కబీర్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆ ఫిలాసఫీ ఉస్తాద్ తర్వాత కేంద్ర మంత్రి అయ్యాడు. విశాఖ సముద్రం ఒడ్డున మన పిల్లలు నడిచే ఆ క్యాంపస్‌లో ఆయన పాఠం చెప్పాడని మనలో ఎంతమందికి మాలూమ్?

ఫిలాసఫీ, తారీఖ్, సంగీతం లాంటివి "పనికిరాని చదువులు" అనేవాళ్లకు విజయనగరంలోనే ఇంకో జవాబు ఉంది. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడని పేరున్న ఈయన ఫారసీ నేర్చుకుని, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తర్జుమా చేశారు. మనం వదిలేసుకున్న ఫారసీని ఆయన షౌఖ్‌తో పట్టుకున్నారు. షౌఖ్ ఉన్న పిల్లవాణ్ణి అడ్డుకోకండి. ఆ షౌఖ్‌తో రోజీ ఎలా నడుస్తుందో వాడితో కూర్చుని హిసాబు వేయండి.

ఇప్పుడు ధోకాల సంగతి. గురజాడ రాసిన కన్యాశుల్కం నాటకాన్ని చాలామంది పెళ్లిళ్ల నాటకం అనుకుంటారు. అందులో వాలిదైన్‌కు ఒక పెద్ద హెచ్చరిక ఉంది. వెంకటేశం విజయనగరంలో చదివే కుర్రవాడు, పరీక్ష తప్పాడు. గిరీశం ట్యూషన్ చెప్తానంటూ వాడి వెంట ఇంట్లో దిగుతాడు. తల్లి వెంకమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ కొడుకు ఇంగ్లీషు చదివి పెద్ద నౌకరీ చేయాలని ఆశ. ఇద్దరినీ ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. వాళ్లు నోటికొచ్చిందల్లా అప్పజెబుతారు. ఆమె మురిసిపోతుంది. ఆ అమ్మ ఆశలో తప్పు లేదు. చూపించినదాన్ని పరఖాయించే ఇల్మ్ లేకపోవడమే ఆమె కమ్జోరీ. ఈరోజు రంగురంగుల హోర్డింగు మీద ర్యాంకుల ఫోటోలు చూసి లక్షలు కట్టే మనం ఆమెకన్నా హోషియార్ అని కసమ్ చేసి చెప్పగలమా? కాలేజీలో చేర్చేముందు అక్కడ చదువుతున్న ఇద్దరు పిల్లల్ని విడిగా అడగండి. పాఠం చెప్పే సార్లు ఏటా మారిపోతున్నారా, ల్యాబ్ తెరుస్తారా, మొత్తం ఫీజు ఎంత, హాస్టల్ ఎంత. జవాబులు కాగితం మీద రాసుకోండి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఇంకో తారీఖ్ కూడా తెలుసుకోవాలి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుతో మన జిల్లాలు "ఆంధ్రా యూనివర్సిటీ" లోకల్ ఏరియాలోకి వచ్చాయి. అడ్మిషన్లలో పెద్ద వాటా లోకల్ పిల్లలకే. లోకల్ అని తేల్చడానికి ముఖ్యంగా చూసేది, అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది. అంటే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు. ఇచ్ఛాపురం వైపు వాళ్లు పిల్లల్ని బరంపురంలో వేసినా, "మంచి కోచింగ్" అని హైదరాబాద్ పంపినా, ఈ లెక్క ముందే చూసుకోవాలి. రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి అడ్మిషన్ల గడువు కూడా 2024 జూన్‌తో ముగిసింది. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చదవడం ఫర్జ్ లాంటిదే అనుకోండి.

రిజర్వేషన్ సంగతీ అంతే. 2007 చట్టంతో వెనకబడిన ముస్లిం బృందాలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం వచ్చింది. కేసు సుప్రీంకోర్టులో ఉన్నా, 2010 మధ్యంతర ఉత్తర్వు మీద అమలవుతోంది. ఇది ముస్లింలందరికీ కాదు. షేక్‌లు జాబితాలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ లేరు. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు బీసీ-బీ. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రెండూ విడివిడిగా చూడాలి. పిల్లవాడి పేరు ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఒకలా ఉండి కౌన్సెలింగ్ రోజున సర్టిఫికెట్ కోసం పరుగెత్తే పరిస్థితి మన ఇళ్లలో కొత్త కాదు. టెన్త్ నామినల్ రోల్స్ పంపేటప్పుడే స్పెల్లింగ్ సరిచూడండి. షేక్ ముందా వెనకా అన్నది కూడా.

ఇక అవకాశాల మాట. గురజాడ కాలంలో ఒకే కాలేజీ. ఇప్పుడు ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ యూనివర్సిటీ, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ, విజయనగరంలో జేఎన్‌టీయూ, 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, రెండు జిల్లా కేంద్రాల్లోనూ సర్కారీ మెడికల్ కాలేజీలు. గిరిజన విశ్వవిద్యాలయం పేరు చూసి మనకు కాదనుకోకండి, అక్కడ అందరూ అప్లై చేయొచ్చు. ట్రిపుల్ ఐటీలో సీటు టెన్త్ మార్కులతోనే. కాబట్టి తయారీ ఇంటర్ సెకండియర్‌లో కాదు, ఎనిమిది తొమ్మిది క్లాసుల్లోనే మొదలు కావాలి.

ఆడపిల్లల గురించి ఒక మాట. 1920లో అలీగఢ్ యూనివర్సిటీ అయినప్పుడు దాని మొదటి ఛాన్సలర్ ఒక ఖాతూన్, భోపాల్ బేగం సుల్తాన్ జహాన్. పర్దాలో ఉంటూనే ఆమె ఆ కుర్సీ మీద కూర్చుంది. వందేళ్ల తర్వాత మనం ఎచ్చెర్ల బస్సు ఎక్కించడానికి తటపటాయిస్తే, పోయేది ఆ పిల్ల సాళ్లు. ఫికర్ ఉంటే హాస్టల్ చూడండి, వార్డెన్‌తో మాట్లాడండి, బస్సు టైములు కనుక్కోండి. ఫికర్ తీర్చుకునే దారులు ఉన్నాయి. గడిచిపోయిన వయసు మాత్రం తిరిగిరాదు.

చివరగా నా గుజారిష్ ఇది. ఫైసలా చేసే రోజున ఫోన్లు పక్కన పెట్టి పిల్లతో ఒక గంట కూర్చోండి. మూడు సవాళ్లు అడగండి. నీకు ఏ సబ్జెక్టు చదువుతుంటే టైము తెలియదు? ఆ చదువు చదివి పనిచేస్తున్న మనిషిని ఒక్కరినైనా కలిశావా? మొదటి ఆప్షన్ రాకపోతే రెండోది ఏమిటి? జవాబు మీకు నచ్చకపోయినా మధ్యలో ఆపకండి. పూర్తిగా విన్నాక మీ ఆర్థిక హాలత్ దాచకుండా చెప్పండి. ఎంత పెట్టగలరో, ఎంతకు మించి పెట్టలేరో. పిల్లలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ అర్థం చేసుకుంటారు. ఆ తర్వాత దువా చేసి ఫారం నింపండి. కలం మాత్రం పిల్ల చేతికే ఇవ్వండి.